ఇంట్లో కుక్కా పిల్లీ ఉండగా చుట్టపు కుక్కపిల్ల వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి వస్తోందంటే హైదరాబాద్‌లో సగం ఫ్లాట్లకి తాళాలు పడతాయి. కుక్కపిల్లని బస్సుల్లో చాలామటుకు ఎక్కనివ్వరు. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలో వేసి పంపాలి, అది అందరికీ కుదిరే పని కాదు. అందుకే "నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి, మీకు జంతువులు అలవాటే కదా" అని చుట్టాలూ పక్కింటివాళ్లూ అడుగుతారు. మా ఇంట్లో పదకొండేళ్ల నాటు కుక్క బ్రౌనీ, సింగారి అనే పిల్లి ఉన్నాయి. ఇలా వచ్చే పిల్లల్ని చాలాకాలంగా చూసుకుంటున్నాం కాబట్టి నన్ను ఎక్కువమంది అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, కింద రాసిందంతా దాని మీదే నడుస్తుంది. వచ్చిన పిల్ల నాలుగు రోజుల్లో వెళ్లిపోతుంది, మీ కుక్కా పిల్లీ ఇక్కడే బతకాలి. అందుకని ఇల్లు ముందు వాటికోసం సర్దాలి, ఆ తర్వాతే అతిథి. అన్నీ కలిసి ఆడుకోవాలి, ఒకే చాప మీద పడుకోవాలి, ఫొటో తీయాలి అన్న ఆశ పెట్టుకోకండి. గొడవ లేకుండా, జబ్బు అంటకుండా ఆ నాలుగు రోజులు గడిస్తే చాలా బాగా చూసుకున్నట్టే.

మా ఆడపడుచు వాళ్లు రెండున్నర నెలల కుక్కపిల్లని వదిలి వెళ్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

తలుపు వేసుకునే గది ఒకటి దానికోసం కేటాయించగలిగితే, పగలంతా ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారనుకుంటే ఒప్పుకోవచ్చు. మీ కుక్కకి ఒంట్లో బాగోలేకపోయినా, ఇంతకుముందు వేరే కుక్కని కరిచిన చరిత్ర ఉన్నా, మీ పిల్లి ఈమధ్యే ఈని చిన్న పిల్లలతో ఉన్నా వద్దని చెప్పేయండి. అలాగే ఆ కుక్కపిల్లని కొని లేదా తెచ్చుకుని ఇంకా రెండు వారాలు కాలేదంటే కూడా వద్దు, ఎందుకో కింద పార్వో జబ్బు దగ్గర చెప్తాను. మొహమాటపడి తలూపి, తర్వాత ఇంటిల్లిపాదీ టెన్షన్ పడేకంటే, "మా కుక్కకి పడదు వదినా, కావాలంటే రోజుకి రెండుసార్లు మీ ఇంటికే వచ్చి చూసే మనిషిని వెతికిపెడతాను" అనడం నయం. అయితే రెండున్నర నెలల పిల్లని రోజుకి రెండుసార్లు చూస్తే సరిపోదు, ఆ మనిషి మీ ఆడపడుచు ఇంట్లోనే ఉండాల్సి వస్తుంది, ఆ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి.

తెచ్చి ఇచ్చేటప్పుడు వాళ్లని ఏమేం అడిగి పెట్టుకోవాలి?

అన్నిటికంటే ముందు టీకాల పుస్తకం. "అన్నీ వేయించాం" అన్న మాట కాదు, పుస్తకమే కావాలి, అందులో తేదీ, వ్యాక్సిన్ సీసా మీది స్టిక్కరు, డాక్టరు సంతకం ఉండాలి. నులిపురుగుల మందు ఎప్పుడు పట్టారో కూడా అందులోనే ఉంటుంది, మూడు నెలల లోపు పిల్లలకి రెండు వారాలకోసారి పట్టిస్తారు. తర్వాత అది రోజూ తినే తిండి, నాలుగు రోజులకి కాదు, వారానికి సరిపడా, ఎందుకంటే పండగ తర్వాత టికెట్లు దొరక్క రెండు రోజులు ఆలస్యమవడం మామూలే. అది పడుకునే గుడ్డ, ఉతక్కుండా. వాళ్ల డాక్టరు ఫోన్ నంబరు. "అవసరమైతే డాక్టరుకి చూపించండి, ఇంత ఖర్చు దాకా మమ్మల్ని అడగక్కర్లేదు" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్. ఈ చివరిది అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది, కానీ వాళ్లు కోనసీమలో ఏ సిగ్నల్ లేని చోటో ఉన్నప్పుడు పిల్ల వాంతులు చేసుకుంటుంటే ఆ మెసేజే మీకు ఆధారం.

ఒక డోసే పడిందట. మా కుక్కకి అన్నీ వేయించాం కదా, పర్వాలేదా?

మీ కుక్కకి బూస్టర్లు సక్రమంగా పడుతుంటే దానికి భయం తక్కువే. భయమంతా వచ్చే పిల్ల గురించి, మీ ఇంటి నేల గురించి, మీ పిల్లి గురించి.

పార్వో అనే జబ్బు కుక్కపిల్లల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోగలదు. వాంతులు, రక్తం కలిసిన విరేచనాలు, భరించలేని వాసన. వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, రెండు వారాల దాకా కూడా పట్టొచ్చు, లక్షణాలు కనబడకముందే మలంలో వైరస్ పోతుంటుంది. అంటే మీ ఇంటికి వచ్చేటప్పుడు చెంగుచెంగున గెంతే పిల్ల మూడో రోజుకి చతికిలపడొచ్చు. కొత్తగా తెచ్చిన పిల్లని రెండు వారాల దాకా వద్దన్నది ఇందుకే. రెండు నెలలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు ఉన్నా, అంతకంటే చిన్నవాటిని కూడా వయసు ఎక్కువ చెప్పి అంటగట్టేవాళ్లు ఉన్నారు.

ఒకటి రెండు డోసులు పడ్డాక కూడా జబ్బు ఎందుకొస్తుందంటే, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, అంటే జబ్బుని ఎదిరించే ప్రొటీన్లు, పిల్ల రక్తంలో ఇంకా ఉన్నంతకాలం అవి టీకాని కూడా పనిచేయనివ్వవు. అవి ఏ పిల్లలో ఏ వారంలో తగ్గుతాయో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ పోతారు. ఆ కోర్సు పూర్తికాని పిల్లని వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దింపకండి. మీ బూట్లు, చెప్పులు గుమ్మం బయటే విప్పండి, ఎలాగూ మన ఇళ్లలో అలవాటే, ఈ నాలుగు రోజులు పనమ్మాయికీ, వచ్చేపోయే వాళ్లకీ కూడా గట్టిగా చెప్పండి.

పిల్లి ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఇప్పుడు తిరుగుతున్న కుక్కల పార్వో రకాలు పిల్లులకి కూడా అంటుకోగలవు. పిల్లికి వేసే ట్రైక్యాట్ టీకాలో దానికి దగ్గర చుట్టమైన వైరస్‌కి రక్షణ ఉంటుంది, అది గడువు దాటిపోయి ఉంటే పండక్కి రెండు మూడు వారాల ముందే వేయించేయండి.

మా కుక్కనీ, వచ్చిన పిల్లనీ మొదటిసారి ఎలా కలపాలి?

గుమ్మంలో మాత్రం కలపొద్దు. తలుపు తీయగానే కొత్త వాసన, కొత్త మనుషుల హడావుడి, చేతిలో సంచులు, ఇరుకు, మీ కుక్క తన ఇంటిని కాపలా కాసేది సరిగ్గా అక్కడే. వేరే కుక్కలు తిరగని టెర్రస్ గానీ, కాంపౌండ్ లోపల శుభ్రంగా కడిగిన జాగా గానీ ఉంటే అక్కడ కలపండి. ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో లీష్, వదులుగా పట్టుకోవాలి, బిగించి లాగిపడితే ఆ బిగుతే కుక్కకి ఏదో ప్రమాదమని చెప్తుంది. ఎదురెదురుగా నడిపించకండి. దూరంగా పక్కపక్కన నడిపిస్తూ దగ్గరికి తెచ్చి, పెద్దదాన్ని పిల్ల వెనకభాగం వాసన చూడనిచ్చి, రెండు మూడు క్షణాల్లో "రా రా" అని పిలిచి పక్కకి తీసుకెళ్లండి. ఇలా రెండు మూడుసార్లు. అంతే చాలు ఆ పూటకి.

ఇంట్లోకి వెళ్లేముందు మీ కుక్క గిన్నె, బొమ్మలు, నమిలే ఎముక అన్నీ తీసి పైన పెట్టేయండి. గొడవల్లో సగం వాటివల్లే వస్తాయి. తిండి రెండిటికీ వేరు వేరు గదుల్లో, తలుపు వేసి, తిన్నాక గిన్నెలు తీసేసి అప్పుడు తలుపు తీయాలి.

మా పెద్ద కుక్క పిల్లని చూసి గుర్రుమంటోంది. తిట్టాలా?

వద్దు, దయచేసి తిట్టొద్దు. గుర్రుమనడం అంటే "నాకు ఇష్టం లేదు, దూరం జరుగు" అని మర్యాదగా చెప్పడం. దానికి దెబ్బ పడితే కుక్క నేర్చుకునేది గుర్రుమనకూడదని మాత్రమే, చిరాకు అలాగే ఉంటుంది, ఈసారి హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తుంది.

మా బ్రౌనీకి తుంటి కీళ్లు పట్టేశాయి, లేచి వెళ్లిపోవడం దానికి కష్టం. పిల్ల వచ్చి దాని చెవి పట్టుకుంటే అది వెంటనే గుర్రుమనదు. ముందు మొహం పక్కకి తిప్పుకుంటుంది. తర్వాత మూతి నాక్కుంటుంది, తిండి ఏమీ లేకపోయినా. తర్వాత తల కదపకుండా కళ్లు మాత్రమే ఇటు తిప్పి చూస్తుంది, కంటి పక్కన తెల్లగుడ్డు చంద్రవంకలా కనబడుతుంది. ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇవన్నీ అయ్యాకే గుర్రు. నేను మూతి నాక్కోవడం చూడగానే లేచి పిల్లని ఎత్తి అవతల పెడతాను, అక్కడితో అయిపోతుంది. ముసలి కుక్కకి సాయం చేయడమంటే ఇదే, దానికి గుర్రుమనాల్సిన అవసరం రాకుండా చూడటం.

ఒక్కసారి గుర్రుమని, లేదా గాల్లో పళ్లు టక్కున ఆడించి, పిల్ల వెనక్కి తగ్గగానే తనూ ఊరుకుందంటే కంగారు లేదు, పెద్దవి పిల్లలకి బుద్ధి చెప్పేది అలాగే. పిల్ల తగ్గినా వెంటపడుతుంటే, మెడ పట్టి వదలకపోతే, పిల్ల కనబడినప్పుడల్లా రాయిలా బిగుసుకుపోయి కన్నార్పకుండా చూస్తుంటే మాత్రం ఇక కలపకండి. మిగిలిన రోజులన్నీ తలుపుకి అటొకటి, ఇటొకటి. అందులో తప్పేం లేదు.

పిల్లి సంగతేంటి? కుక్కకి అలవాటైన పిల్లే కదా, సర్దుకుంటుందిగా?

సర్దుకోదు. మీ పిల్లికి మీ కుక్క అలవాటు, ప్రపంచంలో ఉన్న కుక్కలన్నీ కాదు. పైగా ముసలి కుక్క పద్ధతి తెలిసిన పిల్లికి, ఎదురుపడగానే మీదపడే పిల్ల అంటే అసలు గిట్టదు.

పిల్ల రావడానికి ముందు రోజే మీ పిల్లికి ఒక గది ఇచ్చేయండి. దాని ఇసుక ట్రే, నీళ్లు, తిండి, దుప్పటి అన్నీ అందులోనే. మొదటి రోజంతా అది ఆ గదిలోనే ఉండనివ్వండి. పిల్ల ఒంటికి రుద్దిన పాత తువ్వాలు ఒకటి ఆ గదిలో ఒక మూల వేయండి, పిల్లి వాసన ఉన్న గుడ్డ కుక్కపిల్ల దగ్గర వేయండి. మొహాలు చూసుకోకముందే వాసనలు పరిచయమవుతాయి. పిల్లి ఆ తువ్వాలు చూసి బుస్సుమని పక్కనే కూర్చుని తిండి తిందంటే సగం పని అయినట్టే.

రెండో రోజు తలుపు తీసి, కుక్కపిల్లని లీష్‌తో పట్టుకుని హాల్లో కూర్చోండి. పిల్లి రావాలనుకుంటే తనే వస్తుంది. దాన్ని చంకనెత్తుకుని "చూడు, ఫ్రెండు" అని పిల్ల ముందుకి తేకండి, మీ చేతులూ మెడా గీరి పారిపోతుంది, ఆ గాయం చిన్నది కాదు. దానికి ఎత్తైన చోట్లు రెండు మూడు ఉండాలి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేల మీద దిగకుండా వెళ్లగలిగితే మరీ మంచిది. మా సింగారికి ఫ్రిజ్ పైన ఒక గోనెగుడ్డ మడిచి వేసి ఉంచుతాను, అక్కడి నుంచి బీరువా పైకి, బీరువా పైనుంచి సజ్జ మీదకి వెళ్తుంది. పిల్ల కింద కూర్చుని తోకాడిస్తూ కుయ్‌కుయ్ మంటుంటే అది పైనుంచి తోక చివర మాత్రం ఆడిస్తూ చూస్తుంటుంది. వాళ్ల పరిచయం చాలాసార్లు అంతటితోనే ఆగిపోతుంది, నాకు అదే చాలు.

వెంటపడి తరమడం ఒక్కటి మాత్రం ఒక్కసారి కూడా జరగనివ్వకండి. పిల్లకి అది ఆట, ఒకసారి రుచి తెలిస్తే రోజంతా అదే పని. లీష్ ఇంట్లో కూడా ఉంచమనేది అందుకే.

ఇంకో ముఖ్యమైన విషయం. టెన్షన్ పడిన మగ పిల్లులకి మూత్రం బంద్ అయ్యే ప్రమాదం ఉంది. ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతూ కూర్చుని, ఒక్క చుక్క కూడా పోయకుండా వస్తుంటే, అరుస్తుంటే, రేపు చూద్దాం అనుకోకండి, అది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసే స్థితి. అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. అలాగే పిల్లి ఒక రోజంతా ఏమీ తినలేదంటే డాక్టరుకి ఫోన్ చేయండి.

కుక్కపిల్ల పిల్లి ట్రేలోది తింటోంది!

అన్ని కుక్కపిల్లలూ అంతే, వాటికది చిరుతిండి. ట్రేని పిల్లి గదిలో, పిల్లి మాత్రమే దూరే సందు వదిలి తలుపుకి అడ్డం పెట్టి ఉంచండి, లేదా బల్ల మీదకి ఎక్కించండి. నులిపురుగులు అటూ ఇటూ అంటుకునే దారి అది.

ఇల్లంతా ఒంటికి పోస్తోంది. రోజుకి మూడుసార్లు ఫినాయిల్ వేసి తుడుస్తున్నాం, సరిపోతుందా?

ఫినాయిల్ ఆపేయండి. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

మన ఇళ్లలో శుభ్రం అంటే ఫినాయిల్ వాసన అని స్థిరపడిపోయింది, కానీ పిల్లి ఉన్న ఇంట్లో అది విషం. ఫినాల్ జాతి రసాయనాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, మూల కూర్చుని కాళ్లు నాక్కుంటుంది, అలా రోజూ కొంచెం కొంచెం లోపలికి పోతుంది. నీళ్లలో వేస్తే తెల్లగా మారే డెటాల్ లాంటి ద్రవాలు కూడా అదే బాపతు. పోనీ ఫినాయిల్ వల్ల లాభమైనా ఉందా అంటే, పార్వో వైరస్ దానికి చావదని నమ్మొచ్చు. ఆ వైరస్ సరైన చోట నెలల తరబడి బతుకుతుంది.

మామూలు రోజుల్లో ఒంటికి పోసిన చోట ముందు పాత గుడ్డతో అద్ది తీసి, సర్ఫ్ నీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడవండి. వాసన మిగిలితే కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లు. వాసన పూర్తిగా పోకపోతే మళ్లీ అక్కడే పోస్తుంది, పైగా మీ పెద్ద కుక్క కూడా పోటీగా అక్కడే కాలెత్తుతుంది. పార్వో అనుమానం ఉంటే మాత్రం బ్లీచ్ కావాలి. ముందు మురికంతా సబ్బుతో కడిగేసి, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి, 10 నిమిషాలు తడిగా ఉండనిచ్చి, తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరాకే జంతువుల్ని లోపలికి రానివ్వాలి. బ్లీచ్‌నీ, ఇంకే క్లీనర్‌నీ కలపకండి, ముఖ్యంగా బాత్రూమ్ యాసిడ్‌ని, విషవాయువు వస్తుంది.

అసలు పోయకుండా చూడటం ఇంకా తేలిక. నిద్ర లేచిన వెంటనే, తిన్న పది పదిహేను నిమిషాలకి, ఆడి ఆగగానే ఎత్తుకెళ్లి ఒకే చోట, బాల్కనీలో పేపరు మీద, నిలబెట్టండి. పని కాగానే అక్కడే మెచ్చుకోండి. మూడు నెలల పిల్ల పగలు మూడు నాలుగు గంటలకి మించి ఆపుకోలేదు. మూతి తీసుకెళ్లి అందులో రుద్దడం లాంటివి చేయకండి, దానికి అర్థమయ్యేది మీరంటే భయం ఒక్కటే.

ఏం పెట్టాలి? మా అత్తగారు పాలూ అన్నం పెట్టమంటున్నారు.

వాళ్లు పంపిన తిండే, వాళ్లు చెప్పిన కొలతలోనే పెట్టండి. రెండు మూడు నెలల పిల్లకి రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు. ఇల్లు మారిన కంగారుకే కడుపు పాడవుతుంది, దానికి తిండి మార్పు కూడా తోడైతే విరేచనాలు ఖాయం, అది పార్వోనా కాదా అని మీకు నిద్ర ఉండదు. ఆవు పాలూ, గేదె పాలూ చాలా పిల్లలకి అరగవు. అత్తయ్యగారికి ఏదో ఒకటి పెట్టాలని ఉంటే, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క చిన్నది పెట్టమనండి, ఆవిడకీ తృప్తి.

పిల్లి తిండి కుక్కపిల్లకి, కుక్క తిండి పిల్లికి వద్దు. పిల్లి తిండిలో కొవ్వూ మాంసకృత్తులూ ఎక్కువ, పిల్ల కడుపు జారుతుంది. కుక్క తిండిలో పిల్లికి కావాల్సినంత టారిన్ అనే పోషకం ఉండకపోవచ్చు, పిల్లి గుండెకీ కళ్లకీ అది తప్పనిసరి. ఒక పూటకి ఏమీ కాదు గానీ అలవాటు చేయకండి. పిల్లి గిన్నె ఎత్తైన చోట పెడితే ఈ గొడవే ఉండదు.

ఇక పండగ వంటలు. పాయసంలో, రవ్వకేసరిలో వేసే కిస్మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది, ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, కాబట్టి ఒక్కటి కూడా వద్దు. ద్రాక్షలూ అంతే. గారెల్లో, కూరల్లో ఉల్లిపాయ కుక్కకీ పిల్లికీ రెండిటికీ ఎర్ర రక్తకణాల్ని పాడుచేస్తుంది, పిల్లికి మరీనూ. వెల్లుల్లి కూడా అదే దారి. చాక్లెట్, కాఫీ పొడి, షుగర్‌లెస్ చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్ దగ్గరికి రానివ్వకండి. కనుమ నాడు మాంసం వండాక ఎముకలు ఏ చెత్తబుట్టలో పడేస్తారో చూసుకోండి. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. వచ్చిన చుట్టాల్లో ఒకరైనా "పాపం అలా చూస్తోంది" అని బల్ల కింద చేయి పెడతారు, ముందే చెప్పి ఉంచడం మంచిది.

రాత్రంతా ఏడుస్తోంది. పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడుతున్నారు.

మొదటి రెండు రాత్రులు ఏడుస్తుంది, అది తన ఇల్లు కాదు. విడిగా వంటింట్లో పెట్టి తలుపు వేస్తే ఇంకా ఎక్కువ ఏడుస్తుంది. దాని పెట్టెనో, బుట్టనో మీ మంచం పక్కనే పెట్టి, దాని ఇంటి గుడ్డ వేసి, రాత్రి మీ చేయి కిందకి వేలాడదీస్తే చాలామటుకు సద్దుకుంటుంది. మీ కుక్క మీ గదిలోనే పడుకునే అలవాటుంటే దాని చోటు కదపకండి, అవసరమైతే మీరే పిల్లతో హాల్లో పడుకోండి. పగలు దాన్ని ఎక్కువ ఆడించి అలసిపోయేలా చేయాలనుకోకండి, ఈ వయసు పిల్లలు రోజుకి 18 గంటలు, కొన్ని ఇంకా ఎక్కువే నిద్రపోతాయి. సాయంత్రం పిచ్చెక్కినట్టు పరుగులు తీసి అందరినీ కొరుకుతోందంటే చాలాసార్లు అది నిద్ర చాలకే.

పిడుదులు ఉన్నాయి. మా కుక్కకి వాడే మందే పిల్లకీ, పిల్లికీ రాసేయొచ్చా?

రాయకండి. కుక్కలకి మెడ మీద వేసే కొన్ని పిడుదుల మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లిని వణుకు, ఫిట్స్‌తో చంపేయగలదు. ఆ మందు వేసిన కుక్కని పిల్లి నాకినా, పక్కన పడుకున్నా ప్రమాదమే. కుక్కపిల్లకి కూడా వయసూ, బరువూ చూసి డాక్టరే ఇవ్వాలి. అప్పటిదాకా సన్న దువ్వెనతో దువ్వి, పిడుదుల్ని పట్టకారతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగి సబ్బునీళ్లలో వేయండి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో చూడండి, అక్కడే దాక్కుంటాయి. మన ఎండలకి పిడుదుల జ్వరం చాలా మామూలు జబ్బు, మీ కుక్కకి తర్వాత జ్వరం వచ్చి తిండి మానేస్తే డాక్టరుకి ఈ సంగతి చెప్పండి.

వెంట్రుకలు గుండ్రంగా ఊడిన మచ్చలు కనబడితే తామర అయ్యుండొచ్చు, అది పిల్లికీ పిల్లలకీ మీకూ అంటుకుంటుంది. దాన్ని విడిగా ఉంచి చూపించండి.

లవ్‌బర్డ్స్, కుందేలు, పెరట్లో కోళ్లు ఉన్నాయి.

పక్షుల పంజరం పైకి ఎత్తి, కుక్కపిల్ల రాని గదిలో పెట్టండి. కుక్క ముట్టుకోకపోయినా కింద నుంచి మొరుగుతుంటే అవి తిండి మానేస్తాయి. కుందేలు ఇంకా సున్నితం, భయంతోనే దాని పేగుల కదలిక ఆగిపోగలదు. అరరోజు పైగా గడ్డి ముట్టలేదు, పెంటికలు వేయలేదు అంటే డాక్టరు దగ్గరికి. కోళ్ల విషయంలో పిల్లని లీష్ లేకుండా పెరట్లోకి పంపకండి, అంతకంటే చెప్పేదేం లేదు. పక్షికి కుక్క పన్ను గానీ పిల్లి గోరు గానీ చిన్నగా గీరినా మందు కావాలి, పైకి ఏమీ కనబడకపోయినా లోపల చీము పడుతుంది.

ఆటలో మా బాబు చేయి కొరికింది, రక్తం చుక్క వచ్చింది. ఇంత చిన్నపిల్లకి రేబిస్ ఉంటుందా?

ఉండొచ్చు. కుక్కపిల్ల కదా అని వదిలేయడం వల్ల ప్రాణాలు పోయాయి. రేబిస్ టీకా మూడు నెలలకి వేస్తారు, అంతకంటే చిన్నదానికి ఆ రక్షణ ఉండదు. పంపు కింద పారే నీళ్లతో, సబ్బుతో, 15 నిమిషాలు కడగండి, గడియారం చూసుకుని. పసుపు, కారం, సున్నం ఏమీ పెట్టకండి, కట్టు కట్టకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ప్రభుత్వాసుపత్రుల్లో ఈ ఇంజెక్షన్లు ఉచితమే. చర్మం పొరలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజు వేస్తారు, ఒకటి వేయించి మిగతావి మానేయకూడదు. కుక్కపిల్లని పది రోజులు గమనించాలి, అంటే అది తిరిగి వెళ్లాక కూడా వాళ్లకి ఫోన్ చేసి అడుగుతుండాలి.

కొరికే అలవాటుకి మందు, చేయి ఇవ్వకుండా గుడ్డ ముడి ఇవ్వడమే. పిల్లల్ని నేల మీద పడుకుని దానితో ఆడనివ్వకండి.

టెర్రస్ మీద వదలొచ్చా?

పండగ రోజుల్లో గాలిపటాల దారాలు టెర్రస్ అంతా పడి ఉంటాయి. నైలాన్ మాంజా మీద 2017 నుంచి దేశమంతా నిషేధం ఉంది, అయినా కనబడుతూనే ఉంటుంది, కాలికి చుట్టుకుంటే కండ దాకా కోసేస్తుంది. పిల్ల మింగితే పేగులు ముడుచుకుపోతాయి. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ముందు ఊడ్చి, పిట్టగోడ కంతలు చూసి, లీష్‌తోనే తీసుకెళ్లండి. కుండీల్లో గన్నేరు ఉంటే దాన్ని అందకుండా జరపండి, ఆకు కొరికినా గుండె మీద పనిచేసే విషం అది. ఎండాకాలంలో అయితే పొద్దున ఏడు లోపు, సాయంత్రం చల్లబడ్డాక మాత్రమే.

అసోసియేషన్ వాళ్లు "ఒక కుక్కే ఎక్కువ, ఇంకోటా" అంటున్నారు.

పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని, లిఫ్ట్ వాడొద్దనలేరని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. అయినా కాగితం చూపించి గొడవపడేకంటే, ఫలానా తేదీ దాకా ఉంటుంది, లిఫ్ట్‌లో ఎత్తుకునే తీసుకెళ్తాం, కారిడార్ మేమే శుభ్రం చేస్తాం అని ముందు రోజే చెప్పండి. చాలా మంది సరేనంటారు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి?

ఒక్కసారి కక్కి, మళ్లీ ఆడుకుంటూ తింటుంటే చూడొచ్చు. వాంతులు ఆగకపోతే, విరేచనంలో రక్తం కనబడితే, రెండు పూటలు తిండి ముట్టకపోతే, చిగుళ్లు తెల్లబడితే, పొట్ట ఉబ్బి గట్టిపడితే, ఫిట్స్ వస్తే, ఏదైనా విషం మింగిందని అనుమానం వస్తే ఇంట్లో ఏమీ ప్రయత్నించకండి. ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు. మన క్రోసిన్, బ్రూఫెన్ లాంటివి ఇవ్వొద్దు, పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లిని చంపడానికి చాలు.

పండగ రోజుల్లో ప్రైవేటు క్లినిక్‌లు చాలా మూసి ఉంటాయి, కాబట్టి పిల్ల రాకముందే రెండు మూడు చోట్లకి ఫోన్ చేసి ఎవరు ఉంటారో రాసిపెట్టుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. ఆంధ్రాలో గన్నవరం, తిరుపతి కాలేజీలు ఉన్నాయి. వాటి సెలవులు కూడా కనుక్కోండి. పల్లెల్లో 1962కి ఫోన్ చేస్తే వచ్చే వాహనాలు ముఖ్యంగా పాడిపశువుల కోసం, అయినా దగ్గర్లో డాక్టరు ఎవరో కనుక్కోవడానికి పనికొస్తుంది.

వెళ్లిపోయాక ఏమైనా చేయాలా?

అది పడుకున్న గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. రెండు వారాల పాటు మీ కుక్కా పిల్లీ తిండి, విరేచనం, హుషారు గమనించండి. ఈలోపు ఆ పిల్లకి ఏ జబ్బు బయటపడినా వెంటనే మీకు చెప్పమని వాళ్ల దగ్గర మాట తీసుకోండి, మీ ఇంట్లో ఏదైనా కనబడినా వాళ్లకి చెప్పండి. పిల్లి గది తలుపు తీసి ఉంచండి, దాన్ని బయటికి ఎత్తుకురాకండి, అది తనంతట తనే ఇల్లంతా వాసన చూసుకుంటూ తిరిగి సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కుక్క బొమ్మలు, ఎముక మళ్లీ కిందకి దించేయండి. వాళ్లు మళ్లీ వేసవి సెలవులకి అడిగితే, అప్పటికి టీకాలన్నీ పడి ఉంటాయి కాబట్టి ఈసారి కంటే చాలా తేలిక, మే నెల ఎండకి కూలర్ ఉన్న గది దానికి ఇవ్వగలరా లేదా అన్నది మాత్రం చూసుకుని చెప్పండి.